సెలూన్ గోడ మీది ఫిల్మ్

నార్కట్‌పల్లిలో తన సెలూన్ అద్దం పక్కన లియాఖత్ అలీ ఎమ్మారై ఫిల్మ్ అంటించాడు.

"ఇజ్జత్ పోతాంది అబ్బా!" కొడుకు డానిష్ ఒక మూల టేపు ఊడబీకాడు.

"చెయ్యి తియ్! నా ప్రోస్టేట్ క్యాన్సర్ అది. పేరు దాచి పరిశోధనకు వాడుకుంటమన్నరు డాక్టర్లు. దాచుడెందుకు? దొంగతనం చేసిన్నా?"

గడ్డం గీయించుకుంటున్న కమలాకర్ పగలబడి నవ్వాడు. "లోపటి సంగతులు గోడకెక్కించినవా, భాయ్!"

"సిగ్గుపడుకుంట సావాల్నా? గా ఫిల్మ్‌ల నల్లమచ్చ జల్ది దొరికింది గనుకనే బతికి నీ గడ్డం గీస్తున్న."

గడ్డం అయిపోయింది. కమలాకర్ లేవలేదు.

"భాయ్..." గొంతు తగ్గించాడు. "నాక్కూడ ఒంటేలు సుక్క సుక్కే వస్తాంది. ఏ దవాఖాన?"

డానిష్ ఊడిన టేపును మళ్లీ అదిమాడు.

"గుసగుసలెందుకు?" అన్నాడు లియాఖత్. "గట్టిగ అడుగు. బెంచీ మీద వంతు కోసం కూసున్నోళ్లకు గూడ ఇనపడాలె."