చివరి వరుస గొణుగుడు

ఎడిటరమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది.

"మళ్ళీ ఆవిడే!"

సినిమా క్లబ్బు వాళ్ళకి ఒక అలవాటుంది. తాము తీసిన చిన్న సినిమాలు నెలకోసారి కమ్యూనిటీ హాల్లో పేటవాళ్ళకి ఊరికే చూపిస్తారు. ఆ రోజు హాల్లో ఒక రికార్డరు పెడతారు. జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ దగ్గారు, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి, అన్నీ మర్నాడు విని, కత్తెర ఎక్కడ వెయ్యాలో తేల్చుకుంటారు.

మూడు నెలలుగా ఆ రికార్డరు నిండా ఒకావిడ గొణుగుడే.

"వినండి సార్. 'లేచింది... కిటికీ దగ్గరికెళ్ళింది... ఏడవడం లేదు గానీ పెదవి కొరుక్కుంటోంది.' ఎదురుగా తెరమీద జరుగుతున్నదాన్ని మళ్ళీ ఈవిడ చెప్పడమెందుకు?"

క్లబ్బు ప్రెసిడెంటు మందుల షాపాయన. తీరిగ్గా నవ్వాడు.

"పోనిద్దూ. నా ఉపన్యాసం కన్నా ఆ గొణుగుడే నయమంటున్నారు జనం. చివరి వరుసేగా? అది హాలు వెనకున్న, కుర్చీలకి వైరు అల్లే షెడ్డు వాళ్ళది. ఆరింటికి పని దిగి వెనక గుమ్మంలోంచి వస్తారు, దీపాలు వేసేలోపే అటే వెళ్ళిపోతారు. ఒక్క నెల మానరు. మనకి చప్పట్లు మొదలుపెట్టేది కూడా వాళ్ళే."

"వాళ్ళనేం అనడం లేదు సార్. ఆవిడనే."

ఆవిడెవరో క్లబ్బులో ఎవరికీ తెలియదు. నీలం సంచీ భుజాన వేసుకుని, బస్సు దిగి, రొప్పుతూ ముందు గుమ్మంలోంచి వచ్చేది. తిన్నగా చివరి వరుసకి పోయేది.

ఈసారి సినిమా ఎడిటరమ్మాయిది. పన్నెండు నిమిషాలు.

వాళ్ళ నాన్న బోర్డులు రాసే పెయింటరు. యంత్రం మీద అచ్చేసే బోర్డులొచ్చాక ఆయనని పిలిచేవాళ్ళు లేరు. ఆయన ఆఖరి బోర్డు రాస్తుంటే అమ్మాయి సినిమా తీసింది. అందులో మాటల్లేవు, సంగీతం లేదు. రోడ్డు మోత కూడా తుడిచేసింది. కుంచె, చెయ్యి, అక్షరం. అంతే.

నాన్న ఇంతవరకూ క్లబ్బు గడప తొక్కలేదు. ఈసారి, "సరేలే, వస్తాలే," అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ అమ్మాయికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆ సాయంత్రం ప్రొజెక్టరు వైరు నాలుగుసార్లు పీకి నాలుగుసార్లు పెట్టింది. ఫ్యాన్లు ఆపించింది. ప్రెసిడెంటు గారి ఉపన్యాసం కూడా వద్దంది. ఆయన కాస్త నొచ్చుకున్నాడు.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో మాత్రం ఎర్రరంగు పోలేదు.

"ఎంతసేపమ్మలూ?"

"పన్నెండు నిమిషాలు నాన్నా."

"నన్ను చూడ్డానికి అంతసేపు కూర్చుంటారా జనం?"

"కూర్చోవడమేంటి, చప్పట్లు కొడతారు. నువ్వే చూద్దువుగాని."

అని, వడివడిగా ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆవిడ రానే వచ్చింది.

"ఏమీ అనుకోకండి, మీరు ఇవాళ లోపలికి రావద్దు."

"నిండిపోయిందా అమ్మా?"

"లేదు. మీరు సినిమా అయ్యేదాకా మాట్లాడుతూనే ఉంటారు. ఇవాళ్టిది మాటల్లేని సినిమా. ఒక్క గుసగుస వినిపించినా పాడైపోతుంది."

"మాటల్లేవా? అసలేమీ వినిపించదా?" ఆవిడ మొహంలో కంగారు. "అయితే నేను ఉండి తీరాలమ్మా. నేను చెప్పేది నా కోసం కాదు, అక్కడ..."

"ఎవరి కోసమైనా సరే. మా నాన్న వచ్చాడండీ ఇవాళ. మీకు దణ్ణం పెడతాను."

అమ్మాయి నిజంగానే చేతులు జోడించింది. ఆవిడ ఆ చేతులకేసీ, లోపల మొదటి వరుసలో కూర్చున్న నాన్నకేసీ చూసింది.

"సరేలేమ్మా," అని మెట్లు దిగింది.

అమ్మాయి తలుపు మూసి దీపాలార్పింది. వెనక గుమ్మం తెరుచుకుంది. షెడ్డు వాళ్ళు చీకట్లో కూడా ఎక్కడా తడబడకుండా వచ్చి కూర్చున్నారు.

బొమ్మ పడింది.

ఎంత నిశ్శబ్దమంటే, బయట బస్సు బయల్దేరిన చప్పుడు కూడా లోపలికి వినిపించింది. హమ్మయ్య, అనుకుంది అమ్మాయి.

తెరమీద కుంచె వంగింది, సాగింది, అక్షరం మెడ తిప్పింది. ఎవరూ దగ్గలేదు. నాన్న తన చేతిని తానే మొదటిసారి చూస్తున్నట్టు ముందుకు వంగి చూస్తున్నాడు. చివరి అక్షరానికి చివరి ఒంపు పెట్టి, కుంచె పక్కకి తప్పుకుంది.

తెర నల్లబడింది.

అమ్మాయి చివరి వరుస చప్పట్ల కోసం ఎదురుచూసింది.

ఒకటి. రెండు. మూడు. పది.

చప్పుడు లేదు. ఎప్పుడూ వెనకవాళ్ళని చూసి అందుకునే ముందువాళ్ళు, ఇప్పుడు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నచ్చినట్టు లేదమ్మలూ," అన్నాడు నాన్న చిన్నగా. చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. గబగబా వెళ్ళి దీపాలు వేసింది.

షెడ్డు వాళ్ళు ఇంకా కదల్లేదు. ఎనిమిది మందీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బుద్ధిగా తెరకేసి మొహాలెత్తి కూర్చున్నారు.

"ఇంకా ఎంతసేపమ్మా, మొదలెట్టడానికి?" అన్నాడు అందులో పెద్దాయన.

"అయిపోయింది తాతా," అన్నాడు ప్రెసిడెంటు.

"అయిపోవడమేంటి బాబూ? మాకు కథ చెప్పే అమ్మాయి ఇంకా నోరే విప్పలేదుగా!"

పెద్దాయన, ఎప్పుడూ ఆవిడ కోసం ఖాళీగా ఉంచే పక్క కుర్చీని అటూ ఇటూ తడిమి చూస్తున్నాడు. వెనక గోడకి ఎనిమిది తెల్ల చేతికర్రలు వరసగా ఆనించి ఉన్నాయి.