పేరమ్మకు బదులు

“మళ్ళీ పేరమ్మనే తీసేసినాడు చూడు!”

పక్కనున్న పిల్ల మాటకు మగ్దలీన చేతిలో సుద్దముక్క విరిగింది. ఇందుకూరుపేట జట్టు మీద గెలుపు చేతికందే వేళకు డ్రిల్లు మాస్టారు కృపాదానం పేరమ్మను బయటికి పిలిచి, తన మేనకోడలు సుగుణను లోపలికి పంపాడు. పేరమ్మ ఓణీ సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. ఆట పోయింది.

బాస్కెట్‌బాల్ ఆటలో పాయింట్లు వేసే పని మగ్దలీనది. ఈ ఏడు ఆమె పలక వెనకవైపు ఇంకో లెక్క కూడా కట్టసాగింది. ఏ ఐదుగురు లోపలుంటే మనకెన్ని వచ్చాయి, అవతలివాళ్ళకెన్ని పోయాయి? ఎన్ని ఆటలు చూసినా ఒకటే తేలింది. పేరమ్మ ఉన్నంతసేపూ మనదే పైచేయి. సుగుణ వచ్చిందంటే దిగజారడమే.

ఈ బడిలో చదువు ఎనిమిదితో సరి. పంచాయతీ సమితి కప్పు గెలిచిన పిల్లలను నెల్లూరు బోర్డింగు బడిలో ఫీజు లేకుండా చేర్చుకుంటామన్నారు. సముద్రం ఒడ్డునున్న పాలెం నుంచి బడికొచ్చే ఒకే ఒక్క ఆడపిల్ల పేరమ్మకు అంతకుమించి దారి లేదు.

“నిన్నెందుకు తీసేస్తాడే ఆయన?” అని అడిగింది మగ్దలీన.

“ఆయనిష్టం. నువ్వట్టా సుద్దముక్క నమిలేటట్టు చూడబాకమే.”

“కప్పు పోతే బోర్డింగూ పోతాది.”

పేరమ్మ నవ్వు ఆగిపోయింది. “అట్టా అనబాక. నాకు చదువుకోవాలనుందిమే.”

నలుగురిలో నోరెత్తని మగ్దలీన ఆ మాటతో పలక పట్టుకుని హెడ్మిస్ట్రెస్ ఎలిశబెతమ్మగారి గదికి వెళ్ళింది. ఆవిడ లెక్క చూసి మాస్టారిని పిలిపించింది.

“ఏందండీ ఈ మార్పులు? మేనకోడలి మీద ముద్దా?”

మాస్టారు పలకను చాలాసేపు చూశాడు. “లెక్క సరిగ్గానే ఉందమ్మగారూ. అయినా పేరమ్మను కడదాకా ఉంచగూడదు.”

“ఎందుకు?”

“అది నేను చెప్పగూడదు.”

“అయితే నేను చెప్తా వినండి. సమితి ఆటలో ఆ పిల్లను తీసే పనిలేదు.”

సమితి ఆటనాడు పొద్దు వాలుతుండగా మాస్టారు మార్పు కోసం చెయ్యెత్తాడు. “కూర్చోండి” అన్నది ఎలిశబెతమ్మగారు. పేరమ్మ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆయన వైపు చూసింది.

“ఆడవే పేరమ్మా!” అని మగ్దలీన గొంతు చించుకుని అరిచింది.

పేరమ్మ బంతి వైపు పరుగెత్తింది. కప్పు వచ్చింది. పిల్లలు ఆమెను భుజాల మీదికెత్తుకున్నారు.

ఆ మర్నాటి నుంచి పేరమ్మ బడికి రాలేదు. బోర్డింగుకు పేర్లు పంపే రోజు దగ్గరపడుతుంటే ఉండబట్టలేక మగ్దలీన పాలేనికి బయలుదేరింది. ఇసుక దారిలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పేరమ్మే ఎదురైంది.

“రేపన్నా వస్తావా?”

“ఇంక రానుమే. మాయమ్మ పడుకోనుంది, పలకరించిపో.” తట్ట బరువుకు తల తిప్పకుండానే నడిచిపోయింది.

గుడిసెలో పేరమ్మ తల్లి అంకాలమ్మ నడుముకు గుడ్డ బిగించుకుని చాప మీద పడి ఉంది.

“ఏమైంది అత్తా?”

“ఏముంది తల్లీ! మొన్న ఆటనాడు తెప్ప ఒడ్డుకొచ్చింది. మీ మామ వల దులిపే పనిలో ఉన్నాడు. తట్ట నెత్తికెత్తే దానికి పిల్ల లేదు. ఈ ఎండలకు చేప ఆగతాదా? ఒంటిగా ఎత్తుకోబోయి పడినా. ఈ నడుము ఇంక బరువు మొయ్యదన్నాడు డాక్టరు. ఇంక తట్ట పేరమ్మదే.”

మగ్దలీన చాప పక్కన కూర్చుంది. “ఆటలున్న రోజుల్లో ఇదివరకు తట్టెత్తేదానికి ఎట్టా వచ్చేది అత్తా?”

“చేపల తట్ట ముట్టుకుంటాదని తెలిస్తే బళ్ళో పిల్లలు ముక్కు మూసుకుంటారని దానికి సిగ్గు. అందుకని ఒక్కరికే చెప్పుకున్నాది” అంటూ అంకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. “తెప్పొచ్చే వేళకు మీ డ్రిల్లు మాస్టారే ఆట మాన్పించి పంపేవాడు.”