రాణిగారి ముఖం

వెనక అట్ట ఊడదీయగానే రాణిగారి ముఖం కూడా దాంతోపాటే ఊడొచ్చింది.

ఫ్రేముల షాపాయనకి గుండె ఆగినంత పనైంది.

గాజు మీద నగలున్నాయి. పట్టుబట్టల జరీ ఉంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం అరచేయంత ఖాళీ. అందులోంచి బల్ల మీది మేకులు కనిపిస్తున్నాయి. ముఖమేమో అట్టకి అతుక్కుని, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది.

అది కోట మ్యూజియం వాళ్ల బొమ్మ, ఇన్నాళ్లూ జనానికి చూపించకుండా లోపలి గదిలోనే ఉంచింది. ఒకప్పటి దర్బారు చిత్రకారుడు గాజుకి వెనకవైపున వేసింది. ఫ్రేము మార్చమని నమ్మి ఇచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసరుగారు వచ్చి తీసుకెళ్తారు. చూసి వేద్దామంటే దానికి ఒక్క ఫోటో కూడా లేదు. సంగతి బయటపడిందా, ఈ ఊళ్లో ఆయన చేతికి ఇంకెవరూ గాజుముక్క కూడా ఇవ్వరు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది భార్య, టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయి.

"ముఖం వేస్తాను."

"ఎవరిది?"

"రాణిగారిదే."

"ఆవిణ్ణి మీరెప్పుడు చూశారు?"

"పుండు మీద కారం చల్లకు. కాస్త అటు తిరుగు, నీ ముక్కు చూడనీ."

"పెళ్లయిన ఇరవై ఏళ్లకి కనపడింది నా ముక్కు!" అంటూనే తిరిగింది పాపం.

గాజు మీద దేవుళ్ల బొమ్మలు వేసిన అలవాటు ఆయనకుంది. కాగితం మీద బొమ్మైతే తప్పు దిద్దుకోవచ్చు. గాజు పని అంతా తలకిందులు. కళ్లు, కనుబొమ్మలు, పెదాల గీతలు ముందు వేసెయ్యాలి. ఒంటిరంగు ఆఖర్న వాటి మీద పూయాలి. పూశాక కన్ను వంకరపోయిందని తెలిసినా చేసేదేం ఉండదు.

మొదటి కనుబొమ్మ దగ్గరుండగా ఒక ముసలావిడ లోపలికొచ్చింది. చేతిలో బట్టల సంచి ఉంది.

"కోట బొమ్మ నీ దగ్గరే ఉందిట కదా నాయనా. ఒక్కసారి చూసి పోతాను."

వద్దనేలోపే బల్ల దగ్గరికొచ్చి వంగింది. చాలాసేపు అలాగే చూసింది.

"ముఖమేది?" అంది మెల్లగా.

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"పని జరుగుతోందమ్మా. మీకు పుణ్యముంటుంది, ఎక్కడా అనకండి."

"అనన్లే."

వెళ్తుందేమో అనుకున్నాడు. వెళ్లలేదు. ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని, కిటికీ వెలుగులో కూర్చుంది.

"కనుబొమ్మ అంత సన్నం కాదు నాయనా."

"రాణిగారు మీకు తెలుసా?" కుంచె మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"కోటలో దీపాలు తుడిచేదాన్ని. ఆవిడ ముఖం ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఈ బొమ్మలో ముఖం మాత్రం బాగా తెలుసు."

ముసలితనం, పాపం మతి నిలవడం లేదనుకున్నాడాయన. గోడ గడియారం పన్నెండు కొట్టింది. రెండో కనుబొమ్మ ఇంకా మొదలే పెట్టలేదు.

"ఒక్కసారి తలెత్తి ఇటు చూడు నాయనా. ఆ ముఖం..."

"పెద్దమ్మా, మీకో దండం! ఇక్కడ నా కొంప మునుగుతోంది. మీ కబుర్లు వినే తీరిక నాకు లేదు. వెళ్లిరండి."

గట్టిగానే కసిరాడు. ఆవిడ సంచి తీసుకుని లేచింది.

"కంగారు పడకు. చెయ్యి వణికితే గీత చెడుతుంది," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆయన తలెత్తలేదు. మూడింటికల్లా ఒంటిరంగు పూసేసి, ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త అట్ట బిగించాడు.

భార్య వచ్చి పరీక్షగా చూసింది. "ముక్కు నాదే. కళ్లు అచ్చం మీ మేనత్తవి. ఆవిడా రాణిలాగే పెత్తనం చేసేది లెండి, పరవాలేదు."

ఆయనకి నవ్వు రాలేదు.

సరిగ్గా నాలుగింటికి ఆఫీసరు వచ్చాడు. బొమ్మ ఎత్తి వెలుగులో పట్టుకున్నాడు.

"బాగుందయ్యా. కొత్తదానిలా మెరుస్తోంది. ఈ ఉద్యోగంలో చేరి నెల కాలేదు, ఇంత దగ్గరగా చూడటం ఇదే."

హమ్మయ్య, గండం గడిచింది.

"అన్నట్టు, పొద్దున ఒక పెద్దావిడ వచ్చిందా?"

"వచ్చింది సార్," అన్నాడు నీళ్లు నములుతూ. "మీరే పంపారా?"

"అవును. ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది, మళ్లీ రాదు. బస్సెక్కే ముందు నాకు ఫోన్ చేసింది. బొమ్మ భద్రంగా ఉందిట, పనివాడు మంచివాడుట, తొందర పెట్టొద్దని మరీ మరీ చెప్పింది."

షాపాయన సిగ్గుతో తల వంచుకున్నాడు.

"అసలు ఎవరు సార్ ఆవిడ?"

ఆఫీసరు బొమ్మకి గుడ్డ చుడుతూ చెప్పాడు.

"రాణిగారికి కదలకుండా కూర్చునే ఓపిక లేక, ఆ నగలన్నీ తొడిగించి నలభై రోజులు చిత్రకారుడి ముందు కూర్చోబెట్టింది ఈ పెద్దావిడనేనయ్యా, పూర్తయ్యాక ఎవరూ చూపించలేదట పాపం, ఆ గాజు మీద తన ముఖం తను చూసుకోవడం ఇవాళే మొదటిసారి."