నురగకు రాని మాట

జనం తిరగని ఒక కుంట దగ్గర కప్పలు, బాతులు, ఉడతలు, కొంగలు ఉండేవి. ఒకరి భాష ఇంకొకరికి తెలియదు. వాటి పిల్లలు మాత్రం ఆటల్లో తలా ఒక ముక్క కలిపి సొంత మాటలు పుట్టించుకున్నారు. పాము కనిపిస్తే "జుయ్యో" అనేవారు. ఒక గోరువంక ఆ మాటలన్నీ ఏరి, పాటలు కట్టి పాడేది.

ఆ పాటలు వింటే ధవళయ్య అనే కొంగకు ఒళ్లు మండేది. "అవన్నీ బురదలో పుట్టిన మాటలు. నీ నోట ఒక్కటి వినిపించిందా, గూట్లో ఉండనివ్వను" అని కూతురు నురగను బెదిరించాడు.

ఒక మధ్యాహ్నం ధవళయ్య చేప పట్టుకుని ఇంటికి వస్తుంటే, గూడున్న కొమ్మ మీద నల్లగా ఏదో పాకుతోంది. తాచు! నురగ గూట్లో అటు తిరిగి కూర్చుని ఉంది. అరుద్దామంటే ధవళయ్య గొంతు పెగల్లేదు.

అంతలో గోరువంక "జుయ్యో! జుయ్యో!" అని గొంతు చించుకుంది. కప్పలు నీళ్లలో మునిగాయి. ఉడతలు తొర్రల్లో దూరాయి. నురగ వెనక్కైనా చూడకుండా కింది రెల్లులోకి దూకేసింది. తాచు పడగ ఖాళీ గూటి మీద పడింది.

ధవళయ్య వెళ్లి రెల్లు పక్కకు తోశాడు. తండ్రిని చూడగానే నురగ ఇంకా ముడుచుకుపోయింది.

"నాకా మాట రాదు నాన్నా, ఒట్టు. కాలు జారి పడ్డాను" అంది.

ధవళయ్య ఆమెను రెక్క కిందికి లాక్కున్నాడు.

"నాకూ రాదమ్మా. నేర్పుతావా?" అన్నాడు.