నడుము లోతు

"మోకాళ్ల లోతు దాకనే అన్నవ్! వాపస్ రా, హర్షా! నీకు నా మీద ఒట్టు!"

సుమలత కేక అలల హోరులో కలిసిపోయింది. సూర్యలంక తీరంలో తడి ఇసుకకు ఒక్క అడుగు ఇవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూపాలపల్లి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇంతవరకు ఆమె కాలికి సముద్రపు నీళ్లు అంటలేదు.

కొడుకు హర్షవర్ధన్ నీళ్లలోంచి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అంతలోనే ఒక పెద్ద అల అతన్ని తలదాకా ముంచేసింది. అల ఒడ్డుకొచ్చి విరిగేసరికి అతను జుట్టు విదిలించుకుంటూ, నవ్వుతూ లేచాడు.

"నగేష్, నువ్వన్న చెప్పురా! మేనమామవు గావా?"

ఉడికించిన పల్లికాయలు ఒలుచుకుంటున్న తమ్ముడు కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "అక్కా, ఆడ ఆరేండ్ల పోరగాండ్లు దుంకుతుండ్రు. నీ కొడుక్కు ఇరవై ఏండ్లు. మూతికి పాలసీసా పెట్టి ఒడ్డుమీద కూసోబెడ్దామా?"

"సముద్రానికి వయసు తెలుస్తదారా? ఇసుక కింద గుంతలుంటయట. లోపలికి గుంజే అల ఒకటి ఉంటదట. అది గుంజితె పీనుగ గూడ దొరకదట."

"నీకు గివన్నీ ఎవలు చెప్తరే?"

"ఫోన్ల చూసిన."

పక్కనే గంప దించుకుని కూర్చున్న పల్లికాయలమ్మే ఆవిడ నవ్వింది. "మీ కేకలకి చేపలన్నీ చీరాల వెళ్లిపోయుంటాయండీ!"

"పోనీయమ్మా, చేపలన్న బతుకుతయి," అంది సుమలత. ఆమెకు నవ్వు రాలేదు.

కాసేపటికి హర్ష నీళ్లు కారుతూ వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. ఆమె కొంగుతో అతని తల తుడిచి, చెవుల్లో నీళ్లు పోయాయేమోనని రెండు చెవులూ చూసింది.

"ఇగ చాలు బిడ్డా. రూముకు పోదాం."

"అప్పుడేనా? ఇయ్యాల, రేపు. రేపు పొద్దుగూకినంక బండెక్కితె అయిపాయె గదమ్మా."

అదే ఆమెకు పట్టుకున్న బాధ. ఈ నాలుగు రోజులూ కొడుకు సముద్రాన్ని చూస్తున్నట్టు లేదు, మూట గట్టుకుంటున్నట్టుంది. చీకటి ఉండగానే లేచి సూర్యుడి కోసం ఒడ్డున కూర్చుంటాడు. మధ్యాహ్నం అందరూ పడుకుంటే ఇసుకలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తాడు. చేపల పులుసు కూడా ఒక్కో ముద్దా ఆగి ఆగి తింటాడు.

సోమవారం భూపాలపల్లిలో ఉద్యోగానికి మెడికల్ పరీక్ష. తండ్రి పోశాలు భూమి కింద బొగ్గు బాయిలో పనిచేస్తూ, ఇంకా ఉద్యోగంలో ఉండగానే మొన్న ఎండాకాలం గుండెనొప్పితో పోయాడు. ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారు. డాక్టర్లు సరే అంటే ఇక బాయి పనే. దానికంటే ముందు ఒక్కసారి సముద్రం చూస్తానన్నాడు హర్ష. ఆ ఒక్కటే అడిగాడు.

"ఫస్ట్ షిఫ్ట్ అయితె పొద్దు పొడుసుడు సూడ. సెకండ్ షిఫ్ట్ అయితె పొద్దు గూకుడు సూడ. బాపు గట్లనే అంటుండె గదా," అన్నాడు అలలవైపు చూస్తూ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది.

నగేష్ పొట్టు దులుపుకున్నాడు. "డిగ్రీ నడుమల విడిచిపెడుతుండు. పోరడు ఒక్క మాటన్న అనలే. గీ రెండు దినాలన్న వాన్ని ఇడిసిపెట్టే అక్కా."

"నీళ్లల్ల ఏమన్నయితె?"

"బాయిల ఏమన్నయితె?" అన్నాడు హర్ష మెల్లగా.

నగేష్ తల పక్కకు తిప్పుకున్నాడు. పల్లికాయల ఆవిడ కూడా గంప ఎత్తుకుని చప్పుడు చేయకుండా అవతలికి నడిచింది.

హర్ష లేచాడు. "నడుము లోతు దాక. గంతే. నీకు దండం పెడత."

అతను వెళ్లాడు. ఒక్కో అలకూ ఆమె ఊపిరి బిగబట్టి, అతని తల కనబడ్డాకే వదిలింది. అట్లా ఎన్ని అలలు పోయాయో. ఉన్నట్టుండి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు విడిచి, నీళ్లలోకి నడిచింది.

"అక్కా! ఏడికే?" నగేష్ లేచి నిలబడ్డాడు.

కాలి కింద ఇసుక జారిపోతుంటే ఆమెకు ప్రాణం జారినట్టే అనిపించింది. సమ్మక్కనూ సారలమ్మనూ పిలిచింది. మోకాళ్ల దాకా వచ్చేసరికి తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంది. పడబోయి నిలదొక్కుకుంది. నడుము లోతులో కొడుకు ముంజేయి దొరికాక గాని ఆగలేదు.

అల వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుంది. అది ఆమె భుజాలదాకా లేచి, ఊపేసి, వెళ్లిపోయింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"అమ్మా! నీకు భయమైతలేదా?"

"మస్తయితంది."

ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. హర్షకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి.

"మరెందుకచ్చినవే? ఒడ్డు మీదనే ఉండకపోయినవ్!"

ఇంకో అల లేస్తోంది, ముందుదానికంటే పెద్దది. ఈసారి సుమలత కళ్లు మూసుకోలేదు.

"భయాన్ని జర అలవాటు చేసుకుంటున్న కొడుకా. సోమవారం నువ్వు కాలేజికి పో. మెడికల్‌కు రమ్మన్నది నన్ను. నౌకరి కాయితాల మీద నా పేరే రాసిచ్చిన."