ఇంజన్ లేవకుండా

గట్టిగా తొక్కమని వెనక సీట్లోంచి మరదలు చెప్పడం అది మూడోసారి. అతని భార్య, చెల్లెలి ఒళ్లో తల పెట్టుకుని ముడుచుకుపోయి ఉంది. ఒక చెయ్యి గుండెల మీద, ఇంకో చెయ్యి సీటు అంచు మీద. పళ్లు బిగబట్టి మూలుగుతోంది.

అతను తొక్కలేదు. పసిబిడ్డ పొట్ట మీద చెయ్యి వేసినంత మెత్తగా పెడల్ మీద పాదం ఆనించి, కళ్లు స్టీరింగు పక్కనున్న తెరకి అప్పగించి నడుపుతున్నాడు. తెర మీద బ్యాటరీ నుంచి చక్రాలకి పచ్చ గీత పాకుతోంది. పక్కన ఇంజన్ బొమ్మ బూడిద రంగులో నిద్రపోతోంది. ఇంటి నుంచి ఆస్పత్రి దాకా దాన్ని లేపకుండా, ఒక్క చుక్క పెట్రోలు తాగనివ్వకుండా పోవాలని ఈ హైబ్రిడ్ కారు కొన్న రోజు నుంచీ అతని పంతం. ప్రతిసారీ ఏదో ఒక ఎత్తులోనో, ఎవడో అడ్డం వస్తేనో అది లేచి కూర్చునేది. ఇవాళ సంత కూడా దాటేశాడు, లేవలేదు.

అతను వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి పోయేది ఆ ఆస్పత్రికే. ఏ మలుపులో కాలు తియ్యాలో, ఎక్కడ ఆనించాలో అతనికి కంఠతా వచ్చు.

అక్క చేతులు చల్లబడుతున్నాయని మరదలు అంది. అది ఏసీ చల్లదనం అన్నాడు. గుండెనొప్పి అయ్యుండదు, గ్యాస్ అయ్యుంటుంది అన్నాడు. ఒకవేళ గుండే అయినా, అలాంటి మనిషిని కుదుపుల్లేకుండా తీసుకెళ్లాలని, ఈ కారులో గేరు మారినట్టే తెలియదని కూడా చెప్పాడు.

అందులో అబద్ధమేం లేదు. చూడ్డానికి పొడవు తక్కువగా, ఎత్తుగా ఉన్నా బండి గతుకుల మీద పడవలా పోతోంది. లోపల ఎంత నిశ్శబ్దమంటే ఆమె ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తోంది. అంత ఖరీదు పోసింది ఆ నిశ్శబ్దానికేనని అతను కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ మూలుగు దాన్ని పాడు చేస్తోంది.

“వాంతి వచ్చేలా ఉంటే ముందే చెప్పమను,” అన్నాడు. “తోలు సీటు. మరక పోదు.”

“మరక పోదు సరే. మనిషి పోయేట్టుంది.”

వంతెన దిగుడులో కాలు పూర్తిగా తీసేశాడు. గీత వెనక్కి తిరిగి, చక్రాల నుంచి బ్యాటరీలోకి పారింది. బండి పల్లానికి దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతాయని, ఖర్చయిన ఛార్జింగు తిరిగి ఇంటికొస్తుందని మరదలికి వివరించాడు. ముందు సిగ్నల్లో పసుపు దీపం వెలిగింది. దాటెయ్యొచ్చు. అతను మాత్రం చాలా ముందు నుంచే నెమ్మదిగా బ్రేకు ఆనించాడు. బ్రేకు వేస్తే ఇంకా వస్తుంది ఛార్జింగు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

మరదలికి మర్యాద తెగిపోయింది. “నువ్వు మనిషివేనా బావా? అసలిది పరిగెత్తుతుందా, పరిగెత్తదా?”

ఆ మాట అతనికి తగిలింది. గట్టిగా తొక్కితే ఇంజనూ మోటారూ ఒకేసారి లాగుతాయన్నాడు. వెనక చక్రాలకి వేరే మోటారు ఉందని, మూడూ కలిశాయంటే ఎంత పెద్ద బండ్లయినా వెనకబడాల్సిందేనని అన్నాడు. ఎప్పుడు తొక్కాలో తనకి తెలుసన్నాడు.

“ఎప్పుడు?”

“అవసరమైనప్పుడు.”

మూలుగు ఆగిపోయింది. భార్య చెయ్యి సీటు మీంచి జారి కింద వేలాడింది. మరదలు అక్కా, అక్కా అని ఏడుస్తూ చెంపలు తట్టింది. అతను అద్దంలో చూసి, సొమ్మసిల్లిందేమో నీళ్లు చల్లమన్నాడు. సీటు మీద పడకుండా చల్లమన్నాడు. పచ్చదీపం వెలిగింది. బండి పిల్లిలా చప్పుడు లేకుండా కదిలింది.

మరదలు ఏడుపు ఆపేసింది. ముందు సీటు మీదికి వంగి, అతని చెవి దగ్గర మామూలు గొంతుతో అడిగింది.

“అక్క చచ్చిపోతే సోమవారం నీకు కిడ్నీ ఎవరిస్తారు బావా?”

అతని కాలు అతన్ని అడక్కుండానే అడుగంటా దిగిపోయింది. ఇంజన్ గావుకేక పెట్టి లేచింది. వీపులు సీట్లకి అతుక్కున్నాయి. ఇందాకటి లారీ అద్దంలో చుక్కైపోయింది. తర్వాతి సిగ్నల్లో ఎర్రదీపం ఉందో లేదో అతను చూడలేదు. తెర వైపు అసలే చూడలేదు. ఊపిరుందా, ఊపిరుందా అని మాత్రం అడుగుతూనే ఉన్నాడు. బండి గతుకులో ఎగిరిపడింది.

“నడుం పట్టుకో,” అన్నాడు. “నడుం దగ్గర దెబ్బ తగలనివ్వకు.”

ఆస్పత్రి గుమ్మంలో టైర్లు కీచుమన్నాయి. తలుపు కూడా వెయ్యకుండా లోపలికి పరిగెత్తి, వార్డుబాయ్‌ని రెక్క పట్టుకుని, స్ట్రెచర్‌తో సహా లాక్కొచ్చాడు. కిడ్నీ ఇచ్చే మనిషి, జాగ్రత్తగా ఎత్తాలని దారంతా చెబుతూనే ఉన్నాడు. వచ్చి వెనక తలుపు లాగాడు.

భార్య లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది. మొహంలో నొప్పి జాడ లేదు. పక్కన చెల్లెలు నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది. ఆమె స్ట్రెచర్ వైపు చూసి, తీసుకుపొమ్మని వార్డుబాయ్‌కి సైగ చేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“నాకేం నొప్పి లేదు. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు మిమ్మల్ని ఒకసారి చూద్దామనుకున్నాను, చూశాను,” అంది. “ఇంటికి పోనివ్వండి, నెమ్మదిగానే. సోమవారం నేను రావడం లేదు.”