మూలుగలో వాటా

"ఇవ్వను," అన్నాడు తమ్ముడు, ఆస్పత్రి గౌను ముడి విప్పేసుకుంటూ. "నా ఎముకలు, నా మూలుగ, నా ఇష్టం."

మత్తు డాక్టరమ్మ గడియారం చూసుకుంది. లోపల ఆపరేషన్ గదిలో లైట్లు వెలిగించి సిద్ధంగా ఉంచారు. నడవా చివర అద్దాల గదిలో అన్న ఉన్నాడు. అతని ఎముకల్లోని మూలుగనంతా మందులు పెట్టి చంపేశారు. చెడ్డది ఊడ్చేశారు, మంచిది ఇంకా పోయలేదు. ఇవాళ తమ్ముడి తుంటి ఎముకలోంచి తీసి ఎక్కించకపోతే అన్న ఆ గదిలోంచి నడిచి బయటికి రాడు. ఆ సంగతి తమ్ముడికీ తెలుసు. తెలిసినా ఏమీ అనిపించడం లేదు. మత్తు సూది ఇంకా గుచ్చనేలేదు, మనిషి అప్పుడే మొద్దుబారిపోయాడు. వడ్రంగి కదా, మొద్దులతో పొద్దుపుచ్చేవాడికి అది కొత్తేమీ కాదు.

"బలవంతం లేదండీ," అంది డాక్టరమ్మ. "మీ అన్నయ్యగారిని నేను చూడనైనా లేదు. నా పని మీకు మత్తివ్వడం వరకే. కానీ ముందు ఒప్పుకున్నారట కదా?"

"ఒప్పుకున్నాను. అన్న నోరు తెరిచి అడుగుతాడని ఒప్పుకున్నాను. ఇంతవరకూ అడగలేదు. ఒక్కసారి 'తమ్ముడూ' అని పిలిచి అడగమనండి. రెండు తుంటి ఎముకలూ మేకులు పీకి ఇచ్చేస్తాను."

బెంచీ మీది నుంచి వదిన లేచింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే షెడ్డు, మధ్యలో చెక్క గోడ. గోడకి ఈ పక్క మాట ఆ పక్కకి చేరాలంటే వదిన నోటి మీదుగానే చేరాలి. "మీ ఆయన్ని రంపం ఇమ్మను" అని ఇతనంటే, "నీ మరిదిని వచ్చి తీసుకోమను" అని అతననేవాడు. ఆ షెడ్డులో రంపం కన్నా ఎక్కువగా అటూ ఇటూ ఆడి అరిగిపోయింది ఆవిడే.

"అడుగుతానుండు," అని ఆవిడ చేతులు కడుక్కుని, ముఖానికి గుడ్డ కట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చింది.

"ఏమన్నాడు?"

"'వాడి మూలుగ నాకెక్కితే రేపట్నుంచి నేనూ మేకు వదిలేసి వేలి మీద కొట్టుకుంటాను. అక్కర్లేదు పొమ్మను' అన్నారు."

వదిన గొంతులో ఏ భావమూ లేదు. బస్సుల వేళలు చదివినట్టు చెప్పింది.

"చూశారా డాక్టరమ్మా! చావు గడప మీద కూచుని కూడా నాకు సుత్తి పట్టుకోవడం నేర్పుతున్నాడు. వదినా, వెళ్ళి చెప్పు. నాది ఎముక లేని చెయ్యని పదిమందీ అంటారు. ఎముకే లేనివాడి దగ్గర మూలుగ ఎక్కడిది? వేరేచోట చూసుకోమను."

వదిన వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"'చేతికే కాదు, వాడి నాలుక్కీ ఎముక లేదు. నడుముకి అసలే లేదు. అందుకే పని కనపడగానే పడుకుంటాడు' అన్నారు."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది. తమ్ముడికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

"అచ్చం అన్నే," అన్నాడు నిదానంగా. "ఈ మాట ఇంకెవరి నోటా రాదు."

"ఇంకోసారి అడగనా?" అంది వదిన.

"ఇదే ఆఖరు. ఈసారీ అనకపోతే బట్టలు మార్చుకుని ఇంటికి పోతాను."

ఈసారి ఆవిడ చాలాసేపు రాలేదు. తమ్ముడు గోడకి ఆనుకుని తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. అన్న లేని షెడ్డుని ఊహించుకోబోయాడు. చెక్క గోడకి అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. అంతే. అంతకు మించి లోపల ఏదీ కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. వదిన వచ్చి బెంచీ మీద కూలబడింది.

"అన్నారు."

"ఏమని?"

"'తమ్ముడూ, నువ్విస్తేనే నేనుంటాను రా' అన్నారు."

"అబద్ధం. అన్న అలా అనడు."

"ఆ వెంటనే, 'ఈ మాట వాడితో చెప్పావో, ఊరుకోను' అని కూడా అన్నారు."

తమ్ముడు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"అయితే అన్నే," అని గౌను ముడి వేసుకున్నాడు. "పదండి డాక్టరమ్మా. ఎంత కావాలంటే అంత తోడుకోండి. ఎన్నాళ్ళుగానో లోపల ఊరికే మూలుగుతోంది."

వెన్నులో సూది గుచ్చారు. నడుం కిందంతా మానైపోయింది. వెనక ఎముకలోంచి ఏదో తోడుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. మూలుగ తీసినంతసేపూ ఒక్క మూలుగూ మూలగలేదతను.

సాయంత్రం కాళ్ళు తనవయ్యాక, చక్రాల కుర్చీలో అద్దాల గది ముందుకి తోయించుకున్నాడు. లోపల అన్న కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పైన వేలాడే సంచీలోంచి తమ్ముడి మూలుగ చిక్కటి ఎరుపులో బొట్టు బొట్టుగా అతని ఒంట్లోకి దిగుతోంది. పక్కన కుర్చీలో వదిన కూర్చునే నిద్రపోతోంది.

"సిస్టర్, అన్నని లేపి నన్నొక్కసారి పిలవమనండి," అన్నాడు తమ్ముడు. "పొద్దున అన్న ఆ మాట నా చెవులతో వింటాను."

నర్సు అతనికేసి విచిత్రంగా చూసింది.

"పొద్దున అనడమేంటండీ? మందుల దెబ్బకి నోరంతా పుళ్ళు పడి మొన్నట్నుంచీ ఆయనకి మాటే లేదు. మీ వదినగారు వచ్చిన ప్రతిసారీ ఆయన నిద్రలోనే ఉన్నారు, ఆవిడే ఆ గోడవైపు తిరిగి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు."